ఏడో నంబరు బాడీ

పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా రాజేశ్వరి మూడు తలలు కోసింది. ఒకటి చౌడేపల్లె పాల సంఘం పెద్దాయనది, ఒకటి ఆయన బావమరిదిది. మూడోది ఎవరిదో ఆమెకూ తెలియదు. వాట్సాప్‌లో వచ్చింది, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేవాళ్ల వరసలో చివర పెట్టమన్నారు. మెడ చుట్టూ మౌసుతో జాగ్రత్తగా గీత లాగి, చెవుల వెనక మిగిలిన గోడ రంగు తుడిచి, తలను ఎత్తి తెల్లచొక్కా మీద కూర్చోబెట్టేసరికి వంటింట్లో పాలు చుయ్యిమన్నాయి.

పొయ్యి కట్టేసి గుడ్డ తీసుకుని తుడుస్తూ ఉండగా ముందు కొట్లోంచి గౌతమ్ గొంతు వినిపించింది. "రాజీ, నువ్వు ఖాళీగానే ఉండావు గదా, ఇంకో నాలుగు తలలు పంపిస్తాండాను. టిఫినయ్యేలోగా కట్ చేసి పెట్టు."

ఖాళీ అనే మాటకు ఆ ఇంట్లో అర్థం వేరు. రాజేశ్వరి కూర్చుని ఏం చేసినా ఖాళీగా ఉన్నట్టే. నిలబడి చేస్తే అది ఇంటి పని, దాన్ని ఎటూ ఎవరూ పని అనరు. పెళ్లయి పన్నెండేళ్లయింది. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెండింటి మధ్య ఒక పరదా. పరదాకు అవతల గౌతమ్ గిరాకీలతో మాట్లాడతాడు, ప్రింటింగ్ మిషను నడుపుతాడు, కొయ్యలకు ఫ్లెక్సు బిగిస్తాడు. ఇవతల కంప్యూటరు ముందు రాజేశ్వరి ఆ ఫ్లెక్సును పుట్టిస్తుంది. పుంగనూరులో పెళ్లి, చావు, పుట్టినరోజు, ఎలక్షను, ఏది జరిగినా ఆమె చేతి మీదుగా పోవలసిందే. ప్రతి ఫ్లెక్సుకూ కింద మూలలో చిన్న అక్షరాల్లో 'డిజైన్: గౌతమ్ డిజిటల్స్' అని ఉంటుంది, పక్కన అతని ఫోన్ నంబరు.

ఒకసారి, ఒకే ఒకసారి, తన పేరు పెట్టుకుంటానని అడిగింది. గౌతమ్‌కు కోపం రాలేదు. నవ్వాడు. "అది కొట్టు పేరు మే, మనిషి పేరు కాదు. కొట్టుకు నా పేరుండాది, దానికి నేనేం చేసేది?" అన్నాడు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, చెయ్యెత్తడు, కూతురి ఫీజు ఆలస్యం చెయ్యడు. గిరాకీలు డిజైను బాగుందంటే, "ఇంట్లో మా ఆవిడ గూడా ఊరికే చెయ్యి సాయం చేస్తాది" అని కూడా అంటాడు. ఆ 'ఊరికే' పరదా దాటి లోపలికి వచ్చినప్పుడల్లా రాజేశ్వరి మౌసు ఒక క్షణం ఆగి మళ్లీ కదిలేది.

ఈ పనిలో ఒక వాడుక ఉంది, బయటివాళ్లకు తెలియదు. ఊళ్లవాళ్లు పంపేది తల మాత్రమే. రేషన్ కార్డు మీది ఫోటో, పెళ్లి గుంపులో వెనక వరసలో కనబడే మొహం, ఆసుపత్రి మంచం మీద తీసింది. ఆ తలకు ఒళ్లు డిజైనరే ఇవ్వాలి. అందుకే ప్రతి కొట్లోనూ ఒక ఫోల్డరు నిండా తలలేని ఒళ్లు ఉంటాయి. వాటిని బాడీలంటారు. తెల్లచొక్కా బాడీలు ఇరవై రెండు, చీర బాడీలు పదకొండు. పెన్‌డ్రైవులో పుంగనూరు నుంచి మదనపల్లెకు, మదనపల్లె నుంచి కుప్పానికి పోయి, మూడు ఊళ్లలోనూ అవే బాడీలు, అవే నంబర్లు. వాటిలో 'లేడీస్ ఏడు' అందరికీ ముద్దు. ఆకుపచ్చ పట్టుచీర, మామిడిపండు రంగు అంచు, ఎదురుగా జోడించిన చేతులు. వార్డు మెంబరుకు పెడితే వినయంగా ఉంటుంది, చనిపోయిన అవ్వకు పెడితే దీవిస్తున్నట్టు ఉంటుంది. ఏ తలనైనా కాదనదు.

ఇక ఆమె ఆడించే ఆట సంగతి. మూడేళ్ల కిందట మదనపల్లెలో రమణ అనే డిజైనరు టెలిగ్రామ్‌లో 'రంగుల పెట్టె' అని ఒక గ్రూపు పెట్టాడు. మూడు వందల మంది చేరారు. చేరి ఏం చేశారంటే, పొద్దున గుడ్ మార్నింగ్ గులాబీలు పంపుకున్నారు, సాయంత్రం 'అన్నా, ఉగాది డిజైను ఫైలు ఉంటే పెట్టన్నా' అని ఒకరినొకరు అడుక్కున్నారు. ఇచ్చేవాళ్లు లేరు, మాట్లాడేవాళ్లు లేరు. కొట్టు పేరుతో ఉన్న ఖాతాలోంచి రాజేశ్వరి అది చూసి విసుక్కునేది. ఇంతమంది పనిమంతులు ఒకచోట చేరి గులాబీలు పంపుకోవడమేంటని ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. ఒకరోజు పాపకు టిఫిన్ డబ్బా కట్టి పంపి వచ్చి, చేస్తున్న ఫ్లెక్సులోంచి గోరంత ముక్క కత్తిరించి గ్రూపులో పెట్టింది. ఎర్రటి మెత్తటి తలం, దాని మీద మెరిసే చుక్కలు. కింద రాసింది: 'కనుక్కో చూద్దాం. ఇది ఏమిటి? జవాబు రేపు పది గంటలకు.'

ఒకరు దానిమ్మ అన్నారు. ఒకరు కుంకుమ అన్నారు. మదనపల్లె వాళ్లు నలుగురు, టమోటా మార్కెట్టు ఊరు గదా, టమోటా అన్నారు. మర్నాడు పది గంటలకు ఆమె జవాబు పెట్టింది. నాయకుడి మెడలో దండ, ఆ దండలో ఒక గులాబీ రేక. అంతటితో ఊరుకోలేదు. 'దండలో పూలన్నిటికీ వెలుగు కుడి నుంచి పడుతోంది, ఈ రేక మీది నీటిబొట్టుకు ఎడమ నుంచి పడుతోంది. అంటే ఈ ఒక్క పువ్వు వేరే ఫోటోలోంచి తెచ్చి అతికించింది. కన్ను దానికే ఆనాలి' అని రాసింది. ఆ రోజు గ్రూపులో గులాబీలు రాలేదు. అందరూ తమ పాత ఫ్లెక్సులు తీసి వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకున్నారు.

అప్పటినుంచి రోజూ పదింటికి ఒక ప్రశ్న. ఒకరోజు ఒక అక్షరం కొమ్ము, ఇంకోరోజు కమ్మలో రాయి, మరోరోజు రెండు రంగులు పక్కపక్కన పెట్టి, ఇవి ఏ పండగవి అని. ఆడించడంలో ఒడుపు ఆమెకు త్వరగానే పట్టుబడింది. మరీ కష్టమైతే జనం జారుకుంటారు, మరీ తేలికైతే పెద్ద పనిమంతులు నోరు విప్పరు. తెలిసినట్టే ఉండి నాలుక చివర ఆగిపోవాలి. తప్పు చెప్పినవాళ్లను ఎవరూ ఎగతాళి చెయ్యకూడదని మొదట్లోనే ఒక కట్టడి పెట్టింది. తప్పు జవాబుల్లోంచి మంచిదొకటి ఏరి, అది ఎందుకు దగ్గరగా వచ్చిందో ముందు చెప్పి, ఆ తర్వాతే అసలు జవాబు చెప్పేది. తన జీవితంలో ఎవరూ తనకు అలా చెప్పలేదు గనక ఆమెకు దాని విలువ తెలుసు. మూడు వందలు నాలుగు వేలయ్యారు. సదుంలో కొత్తగా కొట్టు పెట్టిన బైరప్ప, 'అన్నా, మీ ఆట వల్లనే నీడ వెయ్యడం నేర్చుకున్నా, మీకు రుణపడి ఉంటా' అని రాస్తే, రాజేశ్వరి వంటింట్లో నిలబడి ఆ మాట నాలుగుసార్లు చదువుకుంది. గర్వంగా అనిపించింది. గర్వపడడం తప్పేమీ కాదని కూడా అనిపించింది. ఆ మొదట్లో ఉన్న 'అన్నా' ఒక్కటే పంటి కింద రాయిలా తగిలింది.

అందరూ ఆమెను గౌతమన్నా అనే పిలిచేవాళ్లు. టీ కొట్టు దగ్గర ఎవరో మెచ్చుకుంటే గౌతమ్ మొదటిసారి, "ఏం ఆటప్పా అది?" అని అడిగాడు. రెండోసారి నవ్వి ఊరుకున్నాడు. మూడోసారికి, "ఏదో, టైం దొరికినప్పుడు" అన్నాడు.

పట్టుకున్నది ఒక్క నిఖత్. కుప్పంలో చేత్తో బోర్డులు రాసే అబ్దుల్ జబ్బార్ కూతురు. తండ్రి కుంచె పట్టిన కొట్లోనే కంప్యూటరు పెట్టుకుని పని చేస్తోంది. ఒకనాడు విడిగా రాసింది: 'అక్కా, మీరు ఆడమనిషి కదా?' ఎలా తెలిసిందని రాజేశ్వరి అడిగితే ఫోన్ చేసింది.

"మొన్న జాకెట్టు చేతి అంచు పెట్టి ఏందని అడిగితిరి గదక్కా, దాంట్లో కుట్టు ఊడదీసి మళ్లీ వేసిన గుర్తు ఉండాదని జవాబులో రాసినారు. మొగోళ్లు వందసార్లు చూసినా అది సూడలేరు. మా నాయన గూడా అదే అన్నాడు. మీ పేరేందక్కా?"

మూడేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. రాజేశ్వరి చెప్పింది. తన పేరే అయినా, ఒకసారి చెప్పి, మళ్లీ ఇంకోసారి చెప్పింది.

వారం తిరక్కుండా రమణ గౌతమ్‌కు ఫోన్ చేశాడు. గ్రూపు మూడో ఏడు నిండుతోంది, ఆదివారం మదనపల్లెలో అందరూ కలుస్తున్నారు, గౌతమన్న వచ్చి అందరి ముందూ ఆట ఆడించాలి, శాలువా కప్పుతారు. గౌతమ్ పరదా జరిపి లోపలికొచ్చి చెప్పాడు. "ఒక ఏడు ప్రశ్నలు స్లైడ్లు చేసియ్యి రాజీ. జవాబులు ఒక పేపరు మీద రాసియ్యి, నేను సూసుకుంటాలే."

"నేను రానా?"

"నువ్వొచ్చి ఏం చేస్తావు? అంతా మొగోళ్లే ఉంటారు ఆడ. పాపను సూసుకునేదానికి అమ్మకు తిప్పలు." అంటూనే కొట్లోకి వెళ్లిపోయాడు.

రాజేశ్వరికి కోపం వెంటనే రాలేదు. చెయ్యి దానంతట అది పనిలోకి దిగింది, అదే ఆమెకు తర్వాత తలుచుకుంటే సిగ్గనిపించింది. ఆరు ప్రశ్నలు చేసింది. చివరిది అందరూ కలిసి ఒక్కసారే అరిచేలా ఉండాలని, 'లేడీస్ ఏడు' తెరిచి, జోడించిన చేతులు, వాటి వెనక చీర అంచు మాత్రం కత్తిరించి తెర నిండా పెట్టింది. అందరూ ఏడో బాడీ అని అరుస్తారు, నవ్వుకుంటూ భోజనాలకు లేస్తారు అనుకుంది.

అత్త పూలమ్మ అనపగింజల గంప తెచ్చి పక్కనే కూర్చుంది. రాత్రి నానబెట్టిన గింజలు పితుకుతూ, తొక్కలు ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు వేస్తూ, ఒకసారి తలెత్తి తెర వైపు చూసింది.

"నీ చేతులు అంత పెద్దగా యాల పెట్టినావు మే?"

"నా చేతులు కాదత్తా. బాడీ ఇది, ఫైల్లో ఉండేది."

"నీవి గాక ఎవురివి? ఆ మచ్చ సూడు. వచ్చిన వారంలోనే గంజి వార్చబోయి పోసుకుంటివే. ఆ పొద్దు నిన్ను నోటికొచ్చినట్ల తిడితిని." పూలమ్మ ఇంకో గుప్పెడు గింజలు తీసుకుంది. "బస్టాండు కాడ సచ్చిపోయిన చెంగమ్మ బొమ్మ ఉండాదే, ఆయమ్మవీ నీ చేతులే. కౌన్సిలరమ్మవీ నీ చేతులే. నేను గుడికి పోతా పోతా సూసుకుంటాంటాను. మా కోడలు ఈడ ఉండాది, ఆడ ఉండాది అని. చెప్తే నవ్వుతారని చెప్పలా."

రాజేశ్వరి తెర మీది ఎడమ మణికట్టు చూసింది. గాజుల కింద, చింతగింజంత మచ్చ. తన మణికట్టు చూసుకుంది.

మరిచిపోయింది. ఎవరో చెప్తే నమ్మేది కాదు, కానీ తనే మరిచిపోయింది. పెళ్లయిన మూడో వారం, ఊళ్లో ఎలక్షన్లు. నిలబడ్డ ఆడమనిషి తల తీసుకొచ్చి ఆమె మొగుడు ఫ్లెక్సు కావాలన్నాడు, కొట్లో ఉన్నవన్నీ మగ బాడీలు. గౌతమ్ పరిగెత్తుకొచ్చి, "రాజీ, పెండ్లిచీర కట్టుకోని రా, ఫోటో తీస్తా" అన్నాడు. కొత్త మొగుడు ఫోటో తీస్తానన్నాడని ఆమె మొహానికి పౌడరు రాసుకుంది, మల్లెపూలు పెట్టుకుంది, బొట్టు రెండుసార్లు దిద్దుకుంది. పెరట్లో నీలం దుప్పటి కట్టి తీశాడు. చేతులు జోడించమన్నాడు, జోడించింది. సాయంత్రం, ఏదీ నా ఫోటో చూపించమని అడిగితే తెర తిప్పాడు. తన చీర, తన గాజులు, పైన ఇంకెవరిదో మొహం. "తలకాయ అవసరం రాలా. బాడీ మాత్రం బలే పడింది" అన్నాడు. అప్పుడు తనూ నవ్వింది, కొత్త కదా. ఆ తర్వాత పని నేర్చుకుని, ఆ బాడీ మీద తనే వందల తలలు పెట్టింది. వేరే కొట్ల చీర బాడీలతో కలిపి నంబర్లు వేసినప్పుడు దానికి ఏడు పడింది, ఏడో నంబరు ఏడో నంబరు అంటూ అది ఎవరిదో పోగొట్టుకుంది. ఎవరో తనను దోచుకున్నారని అనుకోవడానికి లేదు, ఆ కత్తెర చాలాసార్లు తన చేతిలోనే ఉంది.

అప్పుడొచ్చింది కోపం. దాని వెనకే, ఆమె ఊహించనిది, ఇంకొకటి వచ్చింది. మూడు ఊళ్లలో, ఏ సందు మలుపులో చూసినా తను ఉంది. బతికినవాళ్లకూ పోయినవాళ్లకూ తన చేతులే ఉన్నాయి. అది చిన్న సంగతి కాదు.

పూలమ్మ గంప ఎత్తుకుని లేస్తూ అంది. "వాడు పొయ్యి ఏం చెప్తాడో ఏమో. పాపను నేను సూసుకుంటాలే."

రాజేశ్వరి ఏడో స్లైడు కింద ప్రశ్న మార్చింది. పేపరు మీద ఆరు జవాబులు రాసింది. ఏడోదానికి ఎదురుగా ఏమీ రాయలేదు. గౌతమ్ పేపరు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఏడోది రాయలేదే?" అన్నాడు.

"అది నీకు తెలుసులే. నువ్వు తీసిందే."

అతను సరే సరే అన్నాడు. ఆమె మాట మనసు పెట్టి వినలేదు.

ఆదివారం పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చేసరికి రాజేశ్వరి ఆకుపచ్చ పట్టుచీరలో చెప్పులు వేసుకుంటోంది. "ఏంది, యాడన్నా ఫంక్షనా?" అన్నాడు. "నేనూ వస్తాండాను" అంది. గౌతమ్ అమ్మ వైపు చూశాడు. పూలమ్మ పాప జడ వేయడంలో మునిగి ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాజేశ్వరి దారి పొడుగునా ఫ్లెక్సులు చూస్తూ వెళ్లింది. మదనపల్లె చేరేలోగా తన చేతులు ఐదుచోట్ల కనిపించాయి.

మేడ మీద చిన్న హాలు. ఎనభై తొంభై మంది ఉంటారు, ఆడవాళ్లు ఆరుగురు. నిఖత్ వాకిట్లోనే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. రమణ గౌతమ్‌కు శాలువా కప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆట మొదలైంది. మొదటి రెండూ బాగానే నడిచాయి. గౌతమ్ పేపరు చూసి జవాబు చెప్తున్నాడు. మూడోదానికి బైరప్ప లేచాడు.

"అన్నా, ఎట్ల కనుక్కోవల్లనో గూడా చెప్పన్నా. గ్రూపులో చెప్తారు గదా, మాకు కావల్సింది అదే."

గౌతమ్ పేపరు తిప్పి చూశాడు. వెనకవైపు ఏమీ లేదు. "అదేముందప్పా, సూస్తే తెలిసిపోతాది" అన్నాడు. హాల్లో కొందరు మొహమొహాలు చూసుకున్నారు. నిఖత్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. రాజేశ్వరికి నవ్వు రాలేదు. చెమట పట్టిన అతని మెడ చూస్తే జాలి కూడా వేసింది, కానీ లేవలేదు.

ఏడో స్లైడు వచ్చింది. తెర నిండా చేతులు. ఆమె అనుకున్నట్టే హాలంతా ఒక్క గొంతుతో "ఏడో బాడీ" అని అరిచింది. అప్పుడు కింద అక్షరాలు కనిపించాయి: 'ఈ చేతులు ఎవరివి?'

సద్దు తగ్గింది. హైదరాబాదు మోడల్‌వి అన్నారొకరు. ఏదో చీరల కొట్టు ప్రకటన అన్నారింకొకరు. తమిళనాడు నుంచి వచ్చిన ఫైలని కుప్పం వాళ్లు, కర్ణాటకదని పుంగనూరు వాళ్లు. రమణ, "నువ్వే చెప్పు గౌతమన్నా" అన్నాడు. గౌతమ్ పేపరు మీద ఖాళీగా ఉన్న ఏడో వరస చూశాడు, తెర చూశాడు. "ఎవురివో ఏముందిలేప్పా, నెట్‌లో దొరికినేవి" అన్నాడు మైకులో.

రాజేశ్వరి లేచింది. కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్లి తెర పక్కన నిలబడింది. అందరికీ ఎదురుగా చేతులు జోడించింది. గాజులు కొంచెం పైకి జరిపి, మణికట్టు తెర వైపు తిప్పింది. తెర మీద మచ్చ, పక్కన మచ్చ. తెర మీద అంచు, పక్కన అంచు. మచ్చ దగ్గర కన్ను ఆనాలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడేళ్లుగా ఆమె నేర్పింది అదే.

మొదట కదిలింది బైరప్ప. ఫోన్ తీసి ఏదో వెతికి, దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "పోయినేడు మాయమ్మ సచ్చిపోతే నేనే చేసినాను ఫ్లెక్సు" అన్నాడు మెల్లిగా. "మాయమ్మకు పెట్టింది మీ చేతులాక్కా?" ఆమె అవునన్నట్టు తలూపింది. అతను నిలబడినచోటే చేతులు జోడించాడు. అంతవరకూ ధైర్యంగా ఉన్న రాజేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

గౌతమ్ చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు, అతనే వదిలాడు.

"ఈ ప్రశ్నకు జవాబు కరెక్టుగా చెప్పింది ఒక్కరే. పుంగనూరులో మా అత్త పూలమ్మ. ఆయమ్మ గ్రూపులో లేదు, ఫోన్ గూడా లేదు. మిగిలినోళ్లు బాధపడబాకండి, మూడు రాష్ట్రాలు తిరిగినారు గానీ, చీరల కొట్టు అన్నోళ్లు దగ్గరికొచ్చినారు, చీర అప్పుడు కొత్తదే. అది నా పెండ్లిచీర. నా పేరు రాజేశ్వరి. మూడేండ్లుగా రోజూ పదింటికి మిమ్మల్ని అడిగేది నేనే."

అందరూ లేచి చప్పట్లు కొట్టారు, ఆపలేదు. రమణ ఇబ్బందిగా దగ్గరికొచ్చి, "అక్కా, ఇంకో శాలువా తెప్పిస్తాను, రెండు నిమిషాలు" అన్నాడు. "శాలువా వద్దురా నాయనా, గ్రూపులో ఆట నడిపేవాళ్ల పేరు మార్చు. రాజేశ్వరి, పుంగనూరు. ఈడే, ఇప్పుడే" అంది. రమణ అక్కడే నిలబడి మార్చాడు. హాల్లో తొంభై ఫోన్లు ఒకేసారి టింగుమన్నాయి.

తిరుగు బస్సులో గౌతమ్ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. పుంగనూరు బస్టాండు మలుపులో చెంగమ్మ ఫ్లెక్సు కనిపించగానే తల తిప్పి, అది దాటిపోయేదాకా చూశాడు. ఆ తర్వాత ఆమె ఎడమ చెయ్యి ముందు సీటు కమ్మీ మీద ఉంటే దాన్ని చూశాడు, గాజుల కింద.

"పన్నెండేండ్లు" అన్నాడు. "నాకు తెలీకుండా యాల పోయిందంటావు?"

ఆ గొంతులో తప్పించుకోవడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. రాజేశ్వరి కిటికీలోంచి చూపు తిప్పి అతని మొహంలోకి చూసింది.

"కనుక్కో సూద్దాం" అంది. "జవాబు రేపు పది గంటలకు."